హూటరు కింద నీ గొంతు

ఒరే శీనూ,

ఆ కంపెనీ పేటెంటు గడువు ఈ వారంతో అయిపోయిందిరా. పాటల ఫైళ్లని చిన్నవి చేసే ప్రోగ్రాము నువ్వు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చేస్తే, ఆ పద్ధతి మాదని నోటీసు పంపి తీయించేసేరు కదా, ఇప్పుడది ఎవరైనా వాడుకోవచ్చంట. నువ్వు పోయేక ఏటి లాభం? నాకు ఒళ్లు మండిపోతంది. వకీలుని పెట్టి కొట్లాడదాంరా అంటే "ఛోడ్ దో అక్కా" అని వదిలేసేవు.

పొద్దున్న నీ కోడ్ మళ్లీ ఎక్కించి, టెస్టు కోసమని సిద్ధగోరాలో మన డాబా మీద నువ్వు రికార్డు చేసిన ప్లాంటు హూటరు మీదే నడిపేను. ఫైలు బాగా చిన్నదైంది. హూటరు శుభ్రంగా మోగింది. అసలు రికార్డులో మాత్రం, ఆ హూటరు మోగతన్నప్పుడే సన్నగా "అక్కా, టీ పెట్టు, వత్తన్నా" అంటావు. ఆ మాట చిన్న ఫైల్లో లేదు. పెద్ద చప్పుడు కింద పడ్డ చిన్న చప్పుడు ఎవరికీ వినబడదు, తీసేయొచ్చని కోడ్‌లో రూలు రాసింది నువ్వే కదరా!

నాకు వినబడతాది. ఆ ఒక్క ఫైలూ చిన్నది చెయ్యను. డిస్కు నిండిపోతే నిండిపోనీ.

అక్క