ఇన్‌స్పెక్టరమ్మ మోసిన కబుర్లు

మార్చి 4, మంగళవారం

మళ్లీ నీరు చేరింది. పొద్దున ఎత్తుకుంటే పొట్ట నీళ్లు నింపిన బెలూనులా ఉంది. పోయినసారి తీయించి పన్నెండు రోజులే అయింది. అంతకుముందు నెల పట్టేది.

ఇన్‌స్పెక్టరమ్మకి ఏడేళ్లు. కోడికి అది ముసలితనమేనట. గుడ్డు బయటికి రాకుండా లోపలే చితికి నిలిచిపోయే జబ్బు. నయం కాదు. సూదితో నీరు తీయడం, నొప్పికి చుక్కలు వేయడం, అంతే. ఏడాదిన్నరగా ఇదే వరస.

అన్నయ్య పనికి వెళ్తూ మేడ దిగాడు. బుట్ట దగ్గర వంగి, రేపు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లమని మీ అత్తకి చెప్పవే తల్లీ అన్నాడు. అత్త అంటే నేను. బైండింగుకి కుడుతున్న రిజిస్టరు మీంచి తల ఎత్తకుండా, అలాగేనని మీ మామయ్యకి చెప్పవే అన్నాను.

అమ్మ పోయి మూడేళ్లు. అప్పటినుంచీ మా ఇద్దరి మాటలూ ఈ కోడి మీదుగానే. అన్నయ్య లెక్కలో అది తన కూతురు, నేను అత్తని. నా లెక్కలో అది నా కూతురు, తను మామయ్య. ఇద్దరిలో ఎవరమూ వెనక్కి తగ్గలేదు. అమ్మకి మాత్రం ఎటు చూసినా మనవరాలే.

మార్చి 5, బుధవారం

డాక్టరమ్మ నీరు తీసింది. చేతులు తుడుచుకుని, సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటి ఇచ్చింది. ఇకనుంచి వారం వారం తీయాలమ్మా, ఊపిరి కూడా కష్టంగా తీస్తోంది, దీని బాధ ఆపేద్దామనుకుంటే శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షను ఉంది, నొప్పి తెలీదు, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని చెప్పండి అంది.

ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవడం! ఎంత తేలిగ్గా అనేసింది.

మార్చి 6, గురువారం. సాయంత్రం 5:30

పని సాగలేదు. రెండు రిజిస్టర్లకి అట్టలు తలకిందులుగా అంటించాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇదే మొదటిసారి.

అది ఇంటికొచ్చిన రోజే గుర్తొస్తోంది. అన్నయ్యకి లిఫ్టు రిపేర్ల పని. నాలుగో అంతస్తులో తలుపు మూసుకోవడం లేదని కంప్లయింటు వచ్చిందట. వెళ్లి చూస్తే తలుపు సందులో పిడికెడు కోడిపిల్ల, కదలనని నిలబడింది. ఎవరిదో ఎవరూ చెప్పలేదు. స్పేరుపార్టుల డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. ఇది ఇల్లా, సంతా అని అమ్మ కేకలేసింది. అది డబ్బాలోంచి దూకి గదిగదికీ తిరిగింది, ఒక్కో మూలా ఒంటికన్నుతో చూసింది, ఏదీ నచ్చనట్టు మొహం పెట్టి అమ్మ ఒళ్లో కూర్చుంది. ఇన్‌స్పెక్టరమ్మగారు ఇన్‌స్పెక్షనుకొచ్చారా అంది అమ్మ. పేరు అలా పడింది.

మొదటి గుడ్డు నా కత్తిరింపు కాగితాల పెట్టెలో పెట్టింది. అమ్మ దాన్ని ఉడకబెట్టి, నా బైండింగు దారం అడిగి తీసుకుని, దారంతోనే మూడు ముక్కలు కోసింది. పచ్చసొన చెదరలేదు. మధ్య ముక్క నాకు కావాలని నేనూ అన్నయ్యా కొట్టుకున్నాం. నాకప్పుడు నలభై రెండు, తనకి నలభై ఏడు. సిగ్గులేదర్రా మీకు అని అమ్మ ఆ ముక్క తనే నోట్లో వేసుకుంది.

ఆ వంటింటి నవ్వు ఎక్కడికి పోయిందో.

మార్చి 8, శనివారం

అన్నయ్యకి కాగితం సంగతి ఇంకా చెప్పలేదు. ఈ కబురు దాని చేతే ఎలా పంపను?

మార్చి 11, మంగళవారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

మూడేళ్ల కిందట ఆసుపత్రిలో అమ్మకి గొట్టాలు తీసేసి ఇంటికి పంపాలంటే సంతకం కావాలన్నారు. అన్నయ్య ఏదో బిల్డింగులో, లిఫ్టు గోతిలో ఉన్నాడు. రెండుసార్లు ఫోను చేశాను, అందలేదు. మూడోసారి చేయలేదు. దొరికితే ఇంకో వారం చూద్దాం అంటాడని తెలుసు. అమ్మేమో చాలు చాలని చేయి ఊపుతోంది. సంతకం పెట్టేశాను.

ఇంట్లో రెండు రోజులుంది. కోడి ఆమె కాళ్ల దగ్గరనుంచి కదల్లేదు. నన్ను అడగలేదేం అన్నాడు అన్నయ్య. నాతో నేరుగా అన్న ఆఖరి మాట అదే.

సంతకం తప్పని ఇప్పటికీ అనుకోను. మూడోసారి ఫోను చేయకపోవడం తప్పు.

మార్చి 13, గురువారం. మధ్యాహ్నం 3:10

మెడ వాల్చేసింది. పిలిస్తే కన్ను తెరవలేదు. జిగురు చేతులతోనే దాన్ని ఎత్తుకుని మేడ మీదికి పరిగెత్తాను. మూడేళ్లలో ఆ మెట్లు ఎక్కడం ఇదే మొదటిసారి. ఇవాళ అన్నయ్యకి సెలవు, కిటికీ దగ్గర స్క్రూలు ఏరుకుంటున్నాడు.

ఆ గాబరాలో కూడా ఏమన్నానంటే, నీకేమైనా పోశాడేమో మీ మామయ్యని అడగవే అన్నాను. స్పృహలేని కోడితో!

అన్నయ్య లేచి నిలబడ్డాడు. పొద్దున అయిదు చుక్కలు పోశానని మీ అత్తకి చెప్పు అన్నాడు. నేనూ అయిదు పోశాను. వారంగా ఇద్దరం పోస్తున్నాం, ఒకరికి తెలియకుండా ఒకరం. రెండోవాళ్లు మర్చిపోతారేమోనని ఇద్దరికీ అనుమానం. అన్ని కబుర్లూ మోసింది గానీ ఇదొక్కటి చెప్పలేకపోయింది, పాపం.

డాక్టరమ్మకి ఫోను చేశాను. ప్రమాదం లేదు, మత్తు దిగుతుంది, చుక్కలు ఒకరే వేయండి అంది. పెట్టేసే ముందు, ఇంట్లో మాట్లాడుకున్నారా అని అడిగింది.

మార్చి 14, శుక్రవారం

కాగితంలో సంతకానికి ఒకటే గీత. స్కేలు పెట్టి దాని కింద ఇంకో గీత గీశాను. మడిచి, మెట్ల మీద అన్నయ్య చెప్పుల్లో పెట్టాను.

మార్చి 16, ఆదివారం

ఇవాళ పొద్దున్నే అన్నయ్య దిగి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఒకప్పుడు స్కూటరు చప్పుడు వింటే చాలు, ఎగిరి ఆ మోకాలెక్కేది. ఇప్పుడు మోకాలి మీద నిలబడ్డానికే ఆయాసపడుతోంది.

ఇంకొక్కసారి నీరు తీయిద్దామా అన్నాడు. నన్నో దాన్నో తెలియలేదు. దాని మీదికి వంగి, నువ్వు గింజలు మానేసి ఎన్నాళ్లయిందో మీ అత్తని అడుగు అన్నాడు.

నాలుగు రోజులని చెప్పవే అన్నాను.

దాని వీపు నిమురుతూ ఉండిపోయాడు. నాకు భయంగా ఉంది. దీని బాధ చూడలేను. ఇది పోతే అన్నయ్య ఇంకెవరితో మాట్లాడతాడు, నేనెవరితో మాట్లాడతాను? దీన్ని బతికిస్తున్నది దాని కోసమా, మా కోసమా?

మార్చి 17, సోమవారం

కాగితం నా కుట్టుబల్ల మీద ఉంది. నేను గీసిన గీత మీద సంతకం పెట్టాడు. పై గీత నాకు వదిలాడు.

పెట్టాను.

మార్చి 19, బుధవారం

ఇద్దరం వెళ్లాం. అన్నయ్య ఒళ్లో పడుకుంది, నా వేలు దాని రెక్క కింద ఉంది. వచ్చేటప్పుడు బస్సులో ఖాళీ బుట్ట ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టాం.

మార్చి 24, సోమవారం. ఉదయం 7:00

అయిదు రోజులుగా ఇంట్లో మాట లేదు.

ఇవాళ అన్నయ్య దిగాడు. ఖాళీ బుట్ట ముందు వంగి, టీ ఉందేమో మీ అత్తని అడగవే అన్నాడు.

మీ మామయ్యనే వచ్చి అడగమను అన్నాను.

వచ్చి అడిగాడు.