గూడబాతుల మడికి పన్ను

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున చర్చిలో నీ పేరున ప్రార్థన చేయించి, అట్నుంచి అటే మడి కాడికి వచ్చినాను. నీళ్ళలో నిలబడి ఉండే కడప చెట్ల మీద గూడబాతులు ఈసారి కూడా గూళ్ళు కట్టినాయి.

పోయిన వారం రెవెన్యూ ఆయన వచ్చినాడు. నువ్వు పక్షుల కోసం నీళ్ళు నిలబెట్టిన ఆ రెండెకరాల్లో పంట లేదు కాబట్టి, ఇక అది వ్యవసాయ భూమి కాదంటాడు. అట్లా రాస్తే పన్ను ఎన్నో రెట్లు పెరుగుతుంది, నేను కట్టలేను, మడిని రొయ్యల గుంటలకి ఇచ్చేయాల్సిందే. "ఒక్క కారు పంట వరి నాటమ్మా, పంట అని రాసేస్తా" అన్నాడు. నాటాలంటే నీళ్ళు తీసేయాలి. నీళ్ళు తీస్తే పక్షులు ఉండవు. నాటనని చెప్పినాను.

వ్యవసాయ భూమిగానే ఉంచమని తాసిల్దారుకి అర్జీ రాసుకుని, వేలిముద్రల కోసం కింది మడుల రైతుల దగ్గరికి పోయినాను. మన మడిలో రెట్ట కలిసిన నీళ్ళు పారేది వాళ్ళ పొలాలకే కదా. నీ పక్షులు నారు తొక్కినాయని నీతో ఏళ్ళ తరబడి మాట్లాడని రమణయ్య మామ, అర్జీ అంతా నాతో చదివించుకున్నాడు.

"ఒకటి తప్పు రాసినావు" అన్నాడు. "పంట లేదని నువ్వెందుకు ఒప్పుకుంటివి? ఆ నీళ్ళ బలానికే నేను ఎరువు సగం వేస్తా ఉండా. మీ మడి పంట నా మడిలో పండతా ఉంది. అట్లా రాయి."

తిరగరాసినాను. మొదటి వేలిముద్ర ఆయనదే.

నీ మీద కోపం మాత్రం ఇంకా పోలేదంట. రేపు తాసిల్దారు ఆఫీసుకి నాతో వస్తా ఉండాడు.

నీ చెల్లెలు