అక్కర్లేని మెయిళ్ల పెట్టె

చిట్టితల్లి బుజ్జమ్మకు నాన్న దీవెనలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అలవాటుకొద్దీ రాశాను గానీ, ఈ మాట పూర్తిగా నమ్మకు.

నీ ఉత్తరం అందింది. "ఉద్యోగం పోయింది, ఇంటికి రానా అని మెయిల్ రాస్తే ఒక్క ముక్క జవాబు లేదు. మీకు నేను అక్కర్లేదని తెలిసింది. నంబరు మార్చేశాను, మెయిల్ తెరవడం కూడా మానేశాను" అన్నావు. తల్లీ, నీ మెయిల్ చూసిన పూటే షాపు మెయిల్ నుంచి "వెంటనే బయల్దేరు" అని రాశాను. ఆ తర్వాత ఇంకో నాలుగైదు రాశాను. నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు, ఫోను కలవలేదు. పిల్ల అలిగిందనుకున్నాను. నా బుర్రకు అంతకుమించి తట్టలేదు.

అసలు సంగతి పక్క షాపు కంప్యూటరమ్మాయి చెప్పింది. మన కళ్లజోళ్ల షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ వారం వారం మెయిళ్లు పంపేవాణ్ని కదా, కళ్లు చూపించుకోండి, కొత్త ఫ్రేములొచ్చాయి అని. వాటి అడుగున "ఇక పంపొద్దు" అని నొక్కే వీలుండాలట. వచ్చినవాళ్లకు పొమ్మనే దారి మనమే చూపిస్తామా అని నేనే దాన్ని తీయించేశాను.

"అందుకే బాబాయ్, జనం విసిగిపోయి స్పామ్ అని నొక్కేశారు. అంతమంది నొక్కితే మీ అడ్రసుకే చెడ్డపేరు. ఇక మీరు ఎవరికేం రాసినా చెత్తలోకే పోతుంది."

"సొంత కూతురికి రాసినా?"

"మీ కూతురని దానికేం తెలుసు బాబాయ్?"

షాపులో కూర్చుని నవ్వుతూ కబుర్లు చెప్పినవాళ్లే నొక్కారు చూడు. వాళ్ల మీద కోపం రావడం లేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది. షాపు తెరవడం మానేశాను.

"అమ్మకైనా నాతో మాట్లాడాలని లేదా?" అని అడిగావు. దీనికి జవాబు మొదట్లోనే రాయాల్సింది, చెయ్యి రాలేదు. అమ్మకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. కానీ ఇక ఎప్పటికీ మాట్లాడలేదమ్మా. ఏదైనా పలక మీద రాసి చూపిస్తుంది. నిన్న నా వంటలో ఉప్పెక్కువైందని రాసి, కింద గీత కూడా గీసింది.

ఆపరేషన్‌కు ముందురోజు నా ఫోను తీసుకుని నీకోసం మాట్లాడి రికార్డు చేసింది. "మీరు కాస్త బయటికెళ్లండి" అంటే వెళ్లాను. ఏం చెప్పిందో నాకు తెలియదు. దాన్నీ ఆ షాపు మెయిల్ నుంచే నీకు పంపాను. కంప్యూటరమ్మాయి చెప్పింది విన్నాక ఆ మెయిళ్ల గోలకు ఒళ్లు మండి, షాపు అకౌంటూ ఫోనూ మొత్తం తుడిచేశాను. చెత్తలో పడ్డా నీ దగ్గర ఉందిగా అన్న ధీమా.

ఆ తర్వాత తెలిసింది, స్పామ్ పెట్టెలో పడ్డవి నెల దాటితే వాటంతటవే చెరిగిపోతాయట. ఈ ఉత్తరం చేరేసరికి అది ఉంటుందో లేదో. నాకైతే ఆశ లేదు.

అసలీ రికార్డు సంగతి నీకు రాయొద్దంది అమ్మ. "పోయుంటే పిల్ల రెండుసార్లు ఏడుస్తుంది" అని పలక మీద రాసింది. ఆమె మాట కాదని రాస్తున్నాను.

దొరికినా దొరక్కపోయినా నువ్వు ఇంటికి వచ్చెయ్. కానీ ముందు ఆ పెట్టె తెరిచి వెతుకు. దొరికితే ఇంటికి ఫోన్ చెయ్. నన్ను తర్వాత తిడుదువుగాని, ముందు అది ఫోను దగ్గర పెట్టి వినిపించు. మీ అమ్మ గొంతు నాకూ వినాలని ఉంది.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న
మీ నాన్న