బానిసత్వం రద్దయిన రోజున సెలవు

ప్రియమైన జాన్సన్ అన్నకు,

మారిషస్ నుంచి నీ చెల్లెలు సుగుణ ప్రభువు పేరిట చెప్పుకునే వందనాలు. నువ్వు, వదిన, పిల్లలు క్షేమమని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ వానలు, ఉక్క. చేపల ఫ్యాక్టరీలో పని మన తోటపల్లి గూడూరు రొయ్యల షెడ్డులో పనిలాంటిదే. చేతులు నీళ్లలో నాని తెల్లబడతాయి. నా గురించి దిగులు పడొద్దు.

అమ్మను సమాధి చేసేటప్పుడు ఎందుకు రాలేదని వదిన అడిగింది. ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. పనికొచ్చిన ఆడవాళ్లం ఇక్కడ దిగిన రోజే ఫ్యాక్టరీ సూపర్‌వైజరు మా పాస్‌పోర్టులు తీసుకుని బీరువాలో పెట్టాడు. అమ్మ పోయిందని ఏడుస్తూ అడిగితే, కాంట్రాక్టు అయ్యాకే ఇస్తానన్నాడు.

పోయిన నెల ఇక్కడ బానిసత్వం రద్దయిన రోజని సెలవు ఇచ్చారు. అతనే మమ్మల్ని బస్సులో సభకు తీసుకెళ్లాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు మాట్లాడారు. బానిసల వ్యాపారం ఆపడానికి వాళ్ల దేశం ఎందరో రాజులతో ఒప్పందాలు చేసుకుందట, పరాయి దేశాల ఓడల్ని నడిసముద్రంలో ఆపి సోదా చేసిందట. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

తిరిగి వస్తూ సూపర్‌వైజరు తన ముత్తాత సంగతి చెప్పాడు. బానిసలను వదిలినందుకు పరిహారం చెరకు తోటల దొరలకే ముట్టిందట. విడుదలైనవాళ్లు ఇక చెరకు కొట్టబోమని వెళ్లిపోతే, ఆ ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోనే మన తీరం నుంచి కూలీలను వేలిముద్రలు వేయించి ఓడలెక్కించారు. చీటీ లేకుండా తోట దాటితే జైలు. ముత్తాతది నెల్లూరు వైపేనట. చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు.

వచ్చీరాని హిందీలో అడిగాను. "మరి మా పాస్‌పోర్టులు మీ దగ్గరెందుకున్నాయి సార్?"

"మీరు పోగొట్టుకుంటారని," అని కిటికీ వైపు తిరిగాడు.

నా పక్కన కూర్చున్న దొరవారిసత్రం పద్మక్క చెయ్యి గిల్లింది. "ఊరుకో మే. ఉండే పని కూడా పోతాది."

"మా అమ్మకు పిడికెడు మట్టి వెయ్యలేకపోయినా. ఇంకేం పోవాలక్కా?"

మర్నాడు నన్ను ఐసు గదిలో పనికి మార్చారు. రెండు రోజులు చూసి పద్మక్కే వచ్చింది. "పద, ఇద్దరం పోదాం," అంది. లేబరు ఆఫీసుకు వెళ్లి చెప్పుకున్నాం. వాళ్లు ఫోన్ చేశాక అతను మా ఇద్దరివీ తెచ్చి బల్లమీద పడేశాడు. మళ్లీ కాంట్రాక్టు ఉండదన్నాడు. మిగతా ఆడవాళ్లవి బీరువాలోనే ఉన్నాయి. వాళ్లు మాతో మాట్లాడటం మానేశారు.

వచ్చే నెల వస్తాను. వదినకు నా మీద కోపం ఉంటే ఉండనీ. పాస్టరుగారికి, చర్చిలో పెద్దలకు వందనాలు చెప్పు. నా కోసం ప్రార్థన చెయ్యమను. ఆ సూపర్‌వైజర్ని క్షమించే మనసు ఇవ్వమని మాత్రం అడగొద్దను. అది నాకిప్పుడు వద్దు.

నీ దీవెనలు కోరే
సుగుణ