కాళ్లకు పోసిన నీళ్లు

తాడేపల్లిగూడెం

ఉమామహేశ్వరి అత్తయ్యగారికి నమస్కారం.

తుఫాను తర్వాత మీ ఊరి నూతులు ఉప్పగా మారాయని తెలిసి కూడా, సముద్రం చూడకుండా ఉండలేక మొన్న వచ్చాం. ఎప్పటిలాగే మీ గుమ్మం దగ్గర బిందెలో నీళ్లతో కాళ్ల ఇసుక కడుక్కున్నాం. మీరు నవ్వుతూ చూస్తున్నారు.

ఆటో ఎక్కుతుంటే మీ కోడలు ప్రసన్నగారి మాట వినబడింది.

"తాగే నీళ్లన్నీ కాళ్లకే పోసేశారండీ అత్తయ్యగారూ! ట్యాంకరు మళ్లీ ఎల్లుండే కదండీ!"

"ఊరుకోమ్మా, వింటారు. ఏడాదికోసారి వచ్చే పిల్లలు."

నేను విన్నాను. దిగి వచ్చి క్షమించమని అడగాల్సింది, విననట్టు కూర్చున్నాను.

కార్తీకంలో మళ్లీ రావాలనుంది. ఇంత జరిగాక కూడా అలా అనిపిస్తున్నందుకు సిగ్గుగా ఉంది. మీరు రమ్మంటేనే వస్తాను. ఇసుక కాళ్లతోనే తిరిగి బస్సెక్కుతాను.

మీ గూడెం అమ్మాయి