లెక్కకు రాని ఎనభై నాలుగు మంది

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నా కోపం మాత్రం నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ తగ్గలేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, కొత్త కళ్ళజోడు బాగానే అమరింది. దాంతోనే నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "నాన్నా, లెక్క ప్రకారం మీ బడిలో ఇంకా ముప్ఫై ఎనిమిది సీట్లు ఖాళీ. అందుకే కొత్త గదుల జాబితాలో మీ బడి లేదు" అని రాశావు. ఖాళీయా! అదెక్కడుందో వచ్చి వేలు పెట్టి చూపించు తల్లీ, వెళ్ళి కాసేపు కూర్చుంటాను. స్టాఫ్ రూములో నా కుర్చీ పోయి ఏడాదైంది.

నాలుగొందల మంది కోసం కట్టిన బడి ఇది. ఆటస్థలం నిండా రేకుల గదులు దించి, ఇక ఏడొందల మంది పడతారని కాగితం మీద రాసేసి మీ విద్యాశాఖ ఆఫీసు చేతులు దులుపుకుంది. లైబ్రరీలో ఒకటో తరగతి, మెట్ల కింద సంగీతం. మధ్యాహ్న భోజనం మూడు విడతలు. మొదటి విడత పిల్లలు పదింపావుకే తినాలి. ఆకలి లేదు మొర్రో అని వాళ్ళు మొత్తుకుంటుంటే బతిమాలి తినిపిస్తున్నాం. ఇక పీటీ మాస్టర్నైన నాకు ఆడించే చోటే లేదు. పక్క గదులకి చప్పుడు వినపడకూడదని బూట్లు విప్పించి, తాడు లేకుండా, వరండాలో స్కిప్పింగ్ చేయిస్తున్నాను. చూసినవాళ్ళు నాకు మతి పోయిందనుకుంటారు.

రోడ్డుకి అవతల లేచిన రెండు టవర్ల సంగతి అడిగావు. నిండిపోయాయి. నడిచి వెళ్ళే దూరంలో బడి అని బోర్డు పెట్టి మరీ అమ్ముకున్నాడు ఆ బిల్డరు. మీ ఫార్ములా ఏమో ఫ్లాటుకి పాయింట్ మూడు మంది పిల్లలే అంటుంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పాయింట్ మూడు పిల్లవాణ్ణి నేనెప్పుడూ లైన్లో నిలబెట్టలేదమ్మా. సాయంత్రం ఆ బాల్కనీల కింద నిలబడి చూడండి, ఆరేసిన బట్టల్లో సగం జానెడు గౌన్లూ నిక్కర్లే. మీ ఆఫీసులో తలెత్తి చూసే మనిషి ఒక్కరైనా ఉన్నారా?

మీ లెక్కలోని ఆ ఖాళీలు చూసే, ఆ టవర్ల నుంచి ముప్ఫై ఎనిమిది మందిని మా బడికి కేటాయించారు. సోమవారం ఒక నర్సు డ్యూటీ బట్టల్లోనే వచ్చి, కూతురి చేయి పట్టుకుని రెండో తరగతి గుమ్మంలో నిలబడింది. లోపల బెంచీకి నలుగురు. "సీటుందని కాగితం ఇచ్చారండీ, మా పాప ఎక్కడ కూర్చోవాలి?" అంది. హెడ్‌మిస్ట్రెస్ గారు నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను.

ఎందుకో చెబుతాను. ఇందాకటి నుంచీ నిన్ను దులిపేస్తున్నాను గానీ, అసలు సంగతి చెప్పకుండా దాటేస్తూ వచ్చాను. "ఊరికే కోప్పడకు నాన్నా, నా రిపోర్టులో తప్పెక్కడుందో చూపించు" అన్నావు కదా. ఇదిగో.

మీ వాళ్ళు తలలు లెక్కపెట్టడానికి వచ్చిన రోజు మూడో తరగతి రెండు సెక్షన్లూ బడిలో లేవు. ఎనభై నాలుగు మంది. వాళ్ళని నీళ్ళ ట్యాంకు వెనక మైదానానికి తీసుకెళ్ళింది నేనే. రెండు రిజిస్టర్లూ హెడ్‌మిస్ట్రెస్ గారి బీరువాలోకి వెళ్ళాయి. ముందురోజు ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఏడొందలు దాటితే, దాటినంత మందిని బస్సెక్కించి గంట దూరం బడికి పంపేస్తారు మాస్టారూ. చిన్నపిల్లలు. ఈ ఒక్కరోజు గట్టెక్కించండి" అన్నారు. నేను రెండో ఆలోచన లేకుండా ఈల మెడలో వేసుకుని బయల్దేరాను. మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ఆ రోజు వాళ్ళ పరుగు నువ్వు చూడాల్సింది. రెండేళ్ళుగా మైదానం ఎరగని పిల్లలు. తిరిగొస్తుంటే ఒక పిల్ల నా చొక్కా పట్టుకు లాగి, "మాస్టారూ, రేపు కూడా లెక్కపెడతారా?" అని అడిగింది. మేం వాళ్ళని దాచామని వాళ్ళకి తెలుసన్నమాట. నాకు తల కొట్టేసినట్టయింది.

కాపాడాననుకుని నేనే ముంచాను. ఒప్పుకుంటున్నాను. అయినా నా కోపం పోలేదు. ఏడాదికి ఒక్క పూట వచ్చి తలలు ఎంచుకుపోతారు. నిజం చూపిస్తే పిల్లల్ని తరిమేస్తారు, దాచిపెడితే గదులు ఆపేస్తారు. ఇంక మమ్మల్ని ఏం చేయమంటారు? ఈ ప్రశ్న నీ పై ఆఫీసరుని నా మాటగా అడుగు.

గురువారం మీటింగులో ఆ జాబితా ఖాయమైపోతుందని, నీ సంతకంతో వెళ్ళే మొదటి రిపోర్టు అదేనని మురిసిపోతూ రాశావు. నువ్వు కూడినదాంట్లో తప్పు లేదమ్మా, నీకు అందిన అంకెలోనే ఉంది. ఎనభై నాలుగు పేర్లూ రాసి దీంతో జతచేశాను. కింద నా సంతకం, దాని కింద హెడ్‌మిస్ట్రెస్ గారిది. "నా ఉద్యోగం కోసం చూసుకుంటే ఆ నర్సుకి ఏం జవాబు చెబుతాను, ఇవ్వండి పెన్ను" అన్నారావిడ. ఇవాళ పొద్దున మీ అమ్మకి కూడా చెప్పేశాను. ముందు నోటికొచ్చినట్టు తిట్టింది. తర్వాత పక్కన కూర్చుని పేర్లన్నీ చదివి రాయించింది.

మీ ఊరొచ్చే బస్సు డ్రైవరు చేతికి ఈ కవరు ఇస్తున్నాను, రేపటికల్లా అందుతుంది. ఎలాగైనా ఆ జాబితా ఆపించు. మా మీద ఏ చర్య తీసుకుంటారో తీసుకోనీ. మీటింగులో ఎవరో ఒకరు, ఈ పీటీ మాస్టారు నీకేమవుతాడని అడగక మానరు. అప్పుడు నీకు సిగ్గనిపిస్తే నేనేమీ అనుకోను. చెప్పడం మాత్రం మానకు.

ఇట్లు,
నీ నాన్న