నేత్ర పెళ్లి క్యాసెట్టు, ఇతర ఆస్తుల వీలునామా

చింతామణిలో కాపురముంటున్న లక్ష్మణప్ప అనే నేను, డెబ్బై ఆరేళ్ల వయసులో, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. ఒంట్లో ఓపిక మాత్రం లేదు. దాన్ని మతి చలించడమని ఎవరూ కోర్టుకెక్కవద్దు.

1. ఇల్లు నా కొడుకు నాగేశ్‌కు, కైవార దారిలోని రెండెకరాల మామిడితోట నా కూతురు నేత్రకు చెందాలి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నేత్రదే. నాగేశ్ చేతికిస్తే బీరువాలో పెట్టి తాళం పోగొడతాడు.

2. కంప్యూటరు, పాత వీసీఆర్, ఆ రెండింటినీ కలిపే వైరు కూడా నాగేశ్‌కే. మన ఇంటి క్యాసెట్లు పంతొమ్మిదింటినీ కంప్యూటర్లోకి ఎక్కించాను. మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ కూర్చోవలసిందే. బూజు పట్టిన టేపు తుడిచి తుడిచి నా నడుము పోయింది. "ఎవరు చూస్తారప్పా ఇవన్నీ, ఊరికే ఎందుకు కష్టపడ్తాండావు?" అని నాగేశ్ రోజూ అనేవాడు. అప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు.

3. నా ఉంగరం అల్లుడు అంబరీష్‌కు. తన పెళ్లిరోజున ఒబ్బట్టు చల్లారిపోయిందని అలిగి ఆయన పంక్తిలోంచి లేచిపోవడం క్యాసెట్టులో స్పష్టంగా ఉంది.

4. మా అమ్మ చెవికమ్మలు బాగేపల్లిలో ఉంటున్న నా చెల్లెలు కెంపమ్మకు. అమ్మవి అంటే పుచ్చుకోదు. ఎందుకో రాయాలి.

నా భార్య పోయాక నేత్రను పెంచింది కెంపమ్మే. 1998లో నేత్ర పెళ్లికి పదిహేను రోజులు ముందే వచ్చి చాకిరీ అంతా చేసింది. క్యాసెట్టులో ఆమె ఒక్కచోట కూడా లేదు. భర్త పోయిన మనిషి పెళ్లి క్యాసెట్టులో కనబడకూడదని ఎవరో కెమెరా అతనికి చెప్పారని ఆమెకు తెలిసింది. చెప్పింది అమ్మేనని నమ్మింది. ఆ తర్వాత అమ్మ బతికున్న పదకొండేళ్లూ ఈ గడప తొక్కలేదు. అమ్మ పోయినప్పుడు వాకిట్లోనే నిలబడి చూసి వెళ్లిపోయింది. "అమ్మ అట్ల చేసినా నువ్వుండావు కదన్నా" అంటూ నాకు మాత్రం ఏటా ఊరగాయ పంపుతుంది.

చెప్పింది నేను. తలంబ్రాలకు ముందు క్యాసెట్టులో నా గొంతే వినబడుతుంది: "కెంపమ్మను తీయద్దప్పా, వియ్యంకులోళ్లు చూస్తే బాగుండదు." అమ్మకు ఆ సంగతి తెలుసు. నేనే నోరు విప్పుతానని చూసి చూసి, నా నింద తాను మోసుకుని పోయింది. సిగ్గుతో రాస్తున్నాను.

5. నా మాటలున్న ఆ తొమ్మిది సెకన్లు తీసేద్దామని నాలుగు రోజులు మౌసు పట్టుకుని కూర్చున్నాను. తీయలేదు. నా తర్వాత కూడా ఎవరూ తీయకూడదు. నేత్ర వాటిని మేనత్తకు వినిపించి, ఆ తర్వాతే కమ్మలు ఇవ్వాలి.

6. ఇంతదాకా రాశాక నా తెలివి నాకే అర్థమైంది. నేను పోయాక చెప్పిస్తే, ఆమె తిట్టడానికి నేనుండను. అందుకని రేపు పొద్దున ఫోన్లో అది ఎక్కించుకుని, కమ్మలు జేబులో వేసుకుని బాగేపల్లి బస్సెక్కుతున్నాను. ధైర్యం చాలక దారిలోనే దిగిపోతే, ఐదో అంశం రాసింది రాసినట్టు అమలు కావాలి.

చింతామణి, 14 నవంబరు 2025

(సంతకం) లక్ష్మణప్ప

సాక్షులు:
గురప్ప, పక్కింటివారు
వెంకటరాయప్ప, రిటైర్డు మేష్ట్రు